సుంకమ్మ కట్టిన తాడు

ఆ చెంచుగూడెంలో కుక్కను కట్టేసినవాళ్లు ఎవరూ లేరు. సుంకమ్మ అయితే యాభై ఏళ్లలో ఏ కుక్క మెడకూ తాడు వేసి ఎరగదు. గడ్డలు తవ్వడానికి అడవిలోకి పోతే ఆమె కుక్క పిడుగు ముందు నడిచేది, ఆమె దాని వెనక నడిచేది. పొదలో ఏముందో అది మొరిగి చెప్పేది.

అలాంటి పిడుగు ఉడుమును తరుముతూ బండ మీంచి దూకి, వెనక కాలు నేలకు ఆనించలేక కుంటుతూ వచ్చింది. ఆళ్లగడ్డలో పశువుల డాక్టరు కాలంతా ఒత్తి చూశాడు.

"ఎముక బాగుందమ్మా, కండ బెణికింది. మూడు వారాలు పరిగెత్తనీయొద్దు. కట్టేయాల్సిందే."

తేనె తీసే తాడుతో ఆమె దాన్ని గుడిసె ముందు గుంజకు కట్టింది. వారానికి వాపు తగ్గింది. ఎనిమిదో రోజు పొద్దున పిడుగు మొరగలేదు, గంజి ముట్టలేదు. తాడు అందే దూరానికి కాస్త అవతల, గుంజ చుట్టూ గుండ్రంగా చిరుత అడుగులు పడి ఉన్నాయి.

ఫారెస్టు వాచరుగా చేసే తమ్ముడు శ్రీశైలం వాటిని చూసి గొంతు తగ్గించాడు. "కట్టేసిన జీవం దానికి ఎరేనక్కా. ఇప్పి ఇడ్సిపెట్టు."

"ఇడిస్తే ఉరుకుతాది, కాలు పోతాది. కుంటి కుక్కను మాత్రం అది ఇడుస్తాదా?" అని కసిరింది సుంకమ్మ.

పొద్దు వాలుతుండగా పిడుగును గుడిసెలోకి తీసుకుపోయి, అది బయటికి ఉరకకుండా తాడు రెండో కొసను తన కాలికే బిగించుకుంది. ఆ గుడిసెకు తలుపు లేదు. గోనెపట్టా వేలాడుతుంది, అంతే.

పిడుగు ఆ పట్టా వైపే చూస్తూ కూర్చుంది. మొరగలేదు.