పసుపు పెట్టిన పచ్చిక పలక

ఈ ఉదయం మిస్సిసాగాలో మా పెరటి మంచు కరిగి, కింద గడ్డి గోధుమరంగులో బయటపడగానే, చచ్చిపోయిందేమో, పీకించేద్దామా అని మావారు అడిగారు. మట్టితో సహా పలకంత ముక్క కోసి కిటికీలో పెట్టి, చిగురిస్తుందేమో చూద్దామండీ అన్నాను. ఇద్దరం ఒక్కసారే నవ్వుకున్నాం, గడ్డిని అలా పరీక్షించడం మాకు సస్కటూన్‌లో అబ్బిన విద్య.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కెనడా విమానాల నిండా కాలేజీ పిల్లలే ఉండే రోజులవి. ఆ పిల్లల మధ్య నలభై దాటిన మావారు కూడా మళ్ళీ చదువుకుంటానని బయల్దేరితే, వెనకాలే నేనూ వర్క్ పర్మిట్ మీద వెళ్ళాను. ఆయన చదువు అయ్యేదాకా ఇల్లు నా పని మీదే నడవాలి. నేనేమో బడికి వెళ్ళకుండా నాన్న దగ్గర ఇంట్లోనే నేర్చుకున్నదాన్ని, చూపించడానికి సర్టిఫికెట్లు లేవు. అవేవీ అడక్కుండా ఊరి చివరి గోల్ఫ్ కోర్సులో గడ్డి చూసుకునే పని ఇచ్చిన మా సూపరింటెండెంటును ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను.

రెండో ఏడు చలికాలం మధ్యలో వాన పడింది. అది గ్రీన్ల మీద, అంటే బంతిని గుంటలోకి దొర్లించే ఆ నున్నటి పచ్చిక మీద, గాజులా గడ్డకట్టి వసంతం దాకా కదల్లేదు. గడ్డి పూర్తిగా చచ్చిపోతే కాంట్రాక్టరు వచ్చి అంతా తవ్వి కొత్తది పరుస్తాడని, ఆ సీజనుకు మాకు పని ఉండదని సూపరింటెండెంటు ముందే చెప్పేశారు. ప్రాణం ఉందో లేదో తెలియాలంటే పలకలు కోసి వెచ్చటి కిటికీలో ఉంచాలట. పనివాళ్ళకు తలా ఒకటి ఇచ్చి ఇంటికి పంపారు.

మేం అద్దెకున్న బేస్‌మెంటులో ఉన్న ఒక్క కిటికీ దగ్గరే దేవుడి పటాలు. అక్కడే పెట్టాను. ఆ ఊళ్ళో నాకు తులసి దొరకలేదు. స్నానం కాగానే నీళ్ళు పోసే అలవాటున్న చెయ్యి ఊరుకుంటుందా, ఆ ఎండుగడ్డికే నీళ్ళు పోసి, పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకునేదాన్ని.

"దేవుడి దగ్గర గోల్ఫ్ కోర్సు పెట్టావేమిటే, రేపు హారతిచ్చి బంతి కూడా కొట్టమంటావా?" అనేవారు మావారు.

"కొట్టడం తర్వాత, ముందు కళ్ళకద్దుకోండి."

పలకలు తిరిగి తెచ్చిన రోజున నా దాని మీద పసుపు చూసి సూపరింటెండెంటు ముఖం పాలిపోయింది. ఏదో తెగులనుకున్నారు పాపం. వంటింటి పసుపేనని, దేవుడికి పెట్టేదని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్తే, వేలికంటినది వాసన చూసి, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత గడ్డిని వేళ్ళతో విడదీసి నన్ను వంగి చూడమన్నారు. మొదళ్ళలో సూదిమొనంత పచ్చదనం. మరికొందరి పలకలూ చిగురించాయి. ఇక తవ్వించక్కర్లేదు, బోడి చోట్ల విత్తనం వేసుకుంటే చాలన్నారు.

నేలలో గీతలు కోసి విత్తనం వేశాం, ఇసుక చల్లాం, వెచ్చగా ఉండేందుకు గుడ్డలు కప్పాం. ఒక పొద్దున ఆ గుడ్డ ఎత్తితే పసిబిడ్డ నెత్తి మీది నూగులా పచ్చిక. గ్లవ్స్ తీయకుండానే చేతులు జోడించాను. ఆ రోజు ఇంటికెళ్ళి ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఇప్పుడు ఇక్కడ దుకాణంలోనే తులసి దొరుకుతుంది, వంటింట్లో కుండీ నిండా ఉంది. దేవుడు దేనికీ లోటు చేయలేదు. కానీ ఆ ఎండు పలక ముందు నిలబడినంత ఆశగా నేను మళ్ళీ ఏ మొక్క ముందూ నిలబడలేదు.