విమానం కోసం ఆగిన ముళ్లవాన

మొన్న శంషాబాద్ బస్టాపులో ఒకాయన ఫోను మీద వేలు పైకెత్తి పట్టుకుని, తల మీదికి విమానం వచ్చేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు. ఈ జబ్బు మా బావమరిది ఒక్కడికే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

విమానాశ్రయం పక్కనే మామిడిపల్లిలో వాళ్ల మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో, ఆదివారాలు మేమిద్దరం ఫోను ఆటలో పెంచుకున్న భూతాలను కొట్లాడించేవాళ్లం. నలభై దాటినవాళ్లు చేసే పనేనా అని మా ఆవిడ అనేది, నిజమే. అతని భూతం ఒక ముళ్లపంది, దాని దెబ్బ పేరు ముళ్లవాన. ఒకసారి నొక్కితే రెండు నుంచి ఐదు ముళ్లు వరుసగా పడతాయి. తగులుతుందా లేదా అన్నది మొదట ఒక్కసారే తేలిపోతుంది. తగిలిందా, రెండుకు తక్కువ ఉండదు. ఎనిమిది సార్లు తగిలితే సుమారుగా మూడుసార్లు రెండేసి, మూడుసార్లు మూడేసి, ఒకసారి నాలుగు, ఒకసారి ఐదు. మొత్తం ఇరవై నాలుగు, సగటు మూడు. నోటుబుక్కులో గీతలు గీసి గీసి నేనే రాబట్టిన లెక్క ఇది. అతనికి చూపిస్తే ఆ పేజీలో పల్లీల పొట్టు పోశాడు.

"లెక్కలు నీకే ఉండని బావా. నెత్తి మీదికెళ్లి విమానం పోతుంటే నొక్కాలె, ఐదు పడ్తయ్."

"పోయిన వారం రెండే పడ్డయి గద?"

"గది చిన్న విమానం."

ఆ బుర్రకు ఇక చెప్పేదేముంది! ఒక ఆదివారం పందెం వేశాం: ఓడినవాడు తన భూతాన్ని ఇచ్చెయ్యాలి. నాది ఏడాదిపాటు పెంచిన రాతి తాబేలు. ముళ్లంటే దానికి పడదు, ఒక్కటి తగిలినా పోతుంది. అందుకే తాయెత్తు కట్టాను. ఒక్క దెబ్బకు పోయే ప్రాణాన్ని అది చివరి చుక్క దగ్గర ఒక్కసారి ఆపుతుంది. ఆ తర్వాతి వంతు నాది, గెలుపూ నాదే అనుకున్నాను.

"జర ఆగు, ఇగ వస్తది," అంటూ మెడ పైకెత్తి కూర్చున్నాడు. చివరికి వచ్చింది. నొక్కాడు. మొదటి ముల్లును తాయెత్తు ఆపింది. రెండోదానికి తాబేలు వెల్లకిలా పడింది.

"చూస్తివా బావా, విమానం!"

పడినవి రెండే. అతనికి ఐదూ అక్కర్లేకపోయింది, విమానమూ అక్కర్లేకపోయింది. ఆ మాట చెప్పాలంటే, తాయెత్తు ఆపేది ఒక్క ముల్లునేనని ముందే చూసుకోని నా తెలివి గురించి కూడా చెప్పాలి. తాబేలును ఇచ్చేశాను.

నెల తిరగకుండా అతను ఆట మానేశాడు. తాబేలు ఏదో సొరుగులో, చార్జింగు లేని ఫోనులో ఉంది. సగటు మూడేనని ఇప్పటికీ బల్లగుద్ది చెబుతాను. అది నిజమని తేలడానికి ఏళ్లు పట్టినా పట్టవచ్చు. నా ఏడాది పోవడానికి రెండో ముల్లు చాలింది.