బూట్లు విప్పించిన సార్... బూట్లు తొడిగిన మేము

మా చిన్నప్పుడు స్పోర్ట్స్ డే వస్తోందంటే బడి మొత్తం గ్రౌండ్‌లో గొంతుక్కూర్చుని రాళ్లు ఏరేది... నాలుగు హౌస్‌లకు నాలుగు వైపులు. ఎవరి తట్ట ముందు నిండితే ఆ హౌస్‌కి పది పాయింట్లు. రెడ్ హౌస్ వాళ్లు మా గ్రీన్ హౌస్ తట్టలోంచి రాళ్లు దొంగిలించేవాళ్లు కూడా!

పీటీ సార్ పేరు ప్రభుదాస్. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. మెడలో విజిల్, చేతిలో సున్నం డబ్బా... "ఏమర్రా, ఆ రాయిని మీ తాతయ్యొచ్చి తీస్తాడా?" అని అరుస్తూ తిరిగేవారు. ఆయనంటే మాకు హడల్.

నేను ఏడో తరగతిలో ఉండగా గ్రీన్ హౌస్ ఆడపిల్లల రిలేలో ఆఖరి పరుగు నాకిచ్చారు. ఆ సంబరం ఒక్క రోజే... మర్నాడు బోర్డు మీద నోటీసు. పరిగెత్తేవాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు తప్పనిసరి!

నాన్న రెజిమెంటల్ బజార్‌లో ఒక బట్టల కొట్టులో పనిచేసేవాడు. బన్సీలాల్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు, ఐదుగురం పిల్లలం. నా స్లిప్పర్ వారు ఊడిపోతే అమ్మ పిన్నీసు పెట్టి ఇచ్చింది. ఇక బూట్లు అడిగితే ఆమె ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలుసు... అడగలేదు.

సార్ దగ్గరికి వెళ్లి, "రిలేలకెల్లి నా పేరు కొట్టేయండి సార్... కాల్ నొస్తుంది" అన్నాను.

సార్ ఒక్కసారి నా కాళ్ల వైపు చూశారు. "సర్లే, వెళ్లు" అన్నారంతే.

మర్నాడు ప్రార్థన అయ్యాక కొత్త రూలు చెప్పారు. "బూట్లతో పరిగెత్తితే గ్రౌండ్ పాడైపోతుందర్రా. ఈసారి అందరూ ఉత్త కాళ్లతోనే. బూట్లున్నవాళ్లు విప్పి గోడ పక్కన పెట్టాల్సిందే!"

పాడవడానికి ఆ గ్రౌండ్‌లో ఏముందని... మట్టీ, కంకరా! కొత్త బూట్లు కొనుక్కున్న బ్లూ హౌస్ వాళ్లు సార్‌ని తిట్టుకోని రోజు లేదు. ఆ ఏడాది రాళ్లు కూడా ఒకసారి కాదు, రెండుసార్లు ఏరించారు. అందరం విసుక్కున్నాం.

నా పేరు లిస్టులో అలాగే ఉంది... పరిగెత్తాను. రెండో స్థానం వచ్చింది. అరికాలు చెక్కుకుపోతే సార్ అయోడిన్ రాస్తూ, "ఏమ్మా, కాలి నొప్పి తగ్గిందా?" అన్నారు. తగ్గింది సార్ అన్నాను. ఆ రూలు నా ఒక్కదాని కోసమని అర్థమయ్యేసరికి నాకే పిల్లలు పుట్టారు...

ఇక మొన్నటి శనివారం సంగతి. రాయాలంటేనే రోతగా ఉంది.

మా పూర్వ విద్యార్థుల సంఘం బడిలో సేవా కార్యక్రమం పెట్టింది... బూట్లు లేని పిల్లలకు బూట్లు ఇవ్వడం. నేను ఎగిరి గంతేశాను. కొలతలు నేనే తీసుకుంటానని వెళ్లి, పాత పేపర్ల మీద పిల్లల పాదాలు పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, పక్కన పేర్లు రాసుకున్నాను. తొమ్మిదో తరగతి మౌనిక, ఇప్పటి గ్రీన్ హౌస్ కెప్టెన్, కితకితలు పుట్టి ఒకటే నవ్వు. క్లాసులో చడీచప్పుడు లేకుండా ఇచ్చేస్తారనుకున్నాను.

స్పోర్ట్స్ డే నాడు వెళ్లి చూస్తే స్టేజీ, మైకు, మా ముఖాలతో ఫ్లెక్సీ... బడి పేరు ఎక్కడో మూలకు పోయింది. మార్చ్‌పాస్ట్‌లో మౌనిక ఆకుపచ్చ జెండా పట్టుకుని అందరికంటే ముందు నడిచింది. ఆ జెండా ఇంకా చేతిలో ఉండగానే మైకులో నేను రాసిన పేర్లు చదవడం మొదలుపెట్టారు... 'నిరుపేద విద్యార్థులు' అంటూ. మొదటి పేరు తనదే.

అప్పటి బ్లూ హౌస్ కెప్టెన్ సురేందర్ ఇప్పుడు మా సంఘం అధ్యక్షుడు. మౌనికను కుర్చీలో కూర్చోబెట్టి, "జెర పాత చెప్పులు సుత కనబడాలె బేటా, చేతుల పట్టుకో... ముందుగాల గా ఫోటో తీద్దాం, తర్వాత కొత్తయి తొడుగుదాం" అన్నాడు.

పట్టుకుంది. ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ పట్టుకోమన్నాడు... అలా మూడుసార్లు. కింద నాలుగు హౌస్‌ల పిల్లలూ చూస్తున్నారు. ఛీ! దీనికి సేవ అని పేరు!

నేనేం చేశానో చెప్పనా... అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

స్టేజీ దిగి ఆ పిల్ల నేరుగా నా దగ్గరికే వచ్చింది. "ఆంటీ, పేరు రాసుకునేటప్పుడు గిట్ల పిలుస్తరని చెప్పలే గద" అంది. తను పక్కనే ఉన్న పీటీ మేడం వైపు తిరిగింది.

"రిలేలకెల్లి నా పేరు కొట్టేయండి మేడం... కాల్ నొస్తుంది."

మేడం కొట్టేసింది. ఇంకో అమ్మాయి పరిగెత్తింది. కొత్త బూట్లు డబ్బాలోనే ఉండిపోయాయి.

సురేందర్‌ని పక్కకు పిలిచి గట్టిగానే అడిగాను, గిట్ల ఎందుకు చేసినవని. "అరే, ఫోటోలు లేకుంటే మంది ఎట్ల నమ్ముతరు? నువ్వు ఊకె పరేషాన్ గాకు. పిల్లలు... రేపటికి మర్చిపోతరు" అన్నాడు.

మర్చిపోతారట! నాకు యాభై మూడేళ్లు... ఆ పిన్నీసు ఏ కాలి చెప్పుకు ఉండేదో ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఫోటో ఇప్పుడు మా గ్రూపులో తిరుగుతోంది. కింద వరసగా దండాలు, పూలగుత్తులు. అందులో ఒక మూల చప్పట్లు కొడుతున్న నేనూ ఉన్నాను... చూసుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఒక పిల్లకు బూట్లు లేవని బడి మొత్తం చేత బూట్లు విప్పించిన మనిషి దగ్గర చదువుకుని, మేము నేర్చుకున్నది ఇదా?

మీ లేమిని నలుగురి కంటా పడకుండా దాచిన సార్లు, టీచరమ్మలు మీకూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి. చదివితేనైనా ఈ రోత కాస్త తగ్గుతుందేమో. ఫోటోలు మాత్రం పెట్టకండి.