మబ్బు వెలుతురులో మా మేడం

గద్వాల నుంచి మేడం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తీస్కపోతే లేవలేదు" అన్నది. తిమ్మాజిపేటలో నేను పాఠాలు చెప్పే బడి గంట కొడుతున్నారు. పిల్లలు వరుసల్లో నిలబడుతుంటే నేను వరండాలోనే కూర్చుండిపోయాను.

వనపర్తి కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడం ఆమె. రిటైరయ్యాక గడ్డిపూల ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ముసురు పట్టిన ఆదివారాల్లో నన్నూ వెంట తీసుకుపోయేవారు. పువ్వు కనబడితే చాలు, కుచ్చిళ్లు దోపుకుని బురదలోనే మోకాళ్ల మీద కూర్చునేవారు.

ఫ్లాష్ ఆమెకు గిట్టదు. మొదటిసారి గోపాల్‌పేట చేలగట్టున నేను ఫ్లాష్ వేసి తుమ్మిపువ్వును తీశాను. గోరంత తెల్లపువ్వు కాస్తా సున్నపు చుక్కలా వచ్చింది.

"రేకు మీద నూగేది బిడ్డా? అంత కొట్కపోయింది. మబ్బు వెలుతురు చాలు, ఐఎస్ఓ పెంచు" అన్నారు.

ఐఎస్ఓ పెంచితే తక్కువ వెలుతురులోనూ కెమెరా బొమ్మను పట్టుకుంటుంది. కానీ బొమ్మంతా రవ్వ చల్లినట్టు అవుతుందని నా భయం.

"రవ్వ లేస్తే లేవనీ, పువ్వు అదరొద్దు. చీకటిగ తీసి ఇంటికి పోయి వెలుగు పెంచుతనంటెనే రవ్వ ఎక్కువైతది. ఈడ్నే జర తేటగ తియ్యి."

గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టించి, వెంటవెంటనే నాలుగైదు తీయించారు. ఒకదాంట్లో నూగు పోగుపోగునా నిలిచింది. "గదీ!" అని నా వీపు చరిచారు.

తర్వాత కొన్నేళ్లకు ఆమె చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే చాయ్ తొణికేది. ఇక కెమెరా పక్కన పెడతారనుకున్నాను. ఆమె ఐఎస్ఓ ఇంకా పెంచారు; అప్పుడు షట్టర్ తొందరగా పడి బొమ్మ చెదరదట. "వణుకు కన్న షట్టర్ జల్ది పడాలె. రవ్వదేముంది, నా మొఖం మీద లేదా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చివరిసారి నిరుడు, వానలు వెనకబట్టే రోజుల్లో, బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు పోయాం. గడ్డిలో విష్ణుక్రాంతం పూసి ఉంది. ఐఎస్ఓ ఎంత పెంచినా ఆ రోజు బొమ్మ నిలవలేదు. చెదిరిన బొమ్మల్ని మేడం ఒక్కొక్కటే చూసి చెరిపేశారు. తర్వాత, "నా మణికట్టు పట్టు బిడ్డా" అన్నారు. కింది నుంచి పట్టుకున్నాను. ఆమె నాడి నా వేళ్లకు తగిలింది. గాలి సద్దుమణిగింది. ఆమె నొక్కారు.

నీలి రేకులు, నడుమ తెల్లటి కేసరాలు, చుట్టూ సన్నటి రవ్వ. "మంచిగొచ్చింది. ఇద్దరం తీసినం గద" అన్నారు.

ఇప్పుడు మబ్బు పట్టిన ప్రతి పొద్దునా, "లేసినవా? వెలుతురు మంచిగున్నది, జల్ది రా" అని ఫోన్‌లో పిలిచే ఆ గొంతు కోసం నా చెవులు ఎదురుచూస్తాయి.

ఆ రోజు బీచుపల్లి నుంచి గద్వాలకు తిరిగొచ్చే ఆటోలో ఆమె చీరంచు నిండా ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి. మేడం వాటిని దులిపేయలేదు. వణికే వేళ్లతో ఒక్కొక్కటే పీకి, చెయ్యి బయటికి చాచి, రోడ్డు పక్క తడిమట్టిలోకి వదులుతూ కూర్చున్నారు.