ఉప్పు వేయని డబ్బా

పుంగనూరులో మాంసం కొట్టు భాయ్ పోయాడని శుక్రవారం కబురొచ్చింది. మదనపల్లె ఆసుపత్రి ల్యాబులో నేను పనిచేసిన రోజుల్లో నాకు ఆయన సొంత అన్నతో సమానం.

ఎనభైల మొదట్లో మా వైపు గొర్రెల కాపర్లకు కార్జంలో, అంటే కాలేయంలో, నీటితిత్తులు వచ్చేవి. కుక్కల పేగుల్లోని పురుగు వల్ల వచ్చే జబ్బు అది. కడుపులో గడ్డ తిత్తో కాదో తెలియకుండా సూది గుచ్చితే ప్రాణానికే ముప్పు. రక్తం పట్నానికి పంపితే జవాబుకు వారాలు పట్టేది. గాజుపలక మీద నిమిషాల్లో తేలే పరీక్ష తయారు చేయాలని మా డాక్టరు పట్టుబట్టాడు. అందుకు జబ్బు గొర్రె కార్జంలోని తిత్తి నీళ్లు కావాలి. తన కొట్లో జబ్బు గొర్రె తెగిందని ఎవరు ఒప్పుకుంటారు? భాయ్ ఒప్పుకున్నాడు. వారానికోసారి బస్సులో తిత్తుల డబ్బా తెచ్చేవాడు. పురుగు సంగతి తెలిశాక, పాడైన కార్జం ముక్క ఒక్కటి కూడా కుక్కలకు వేయలేదు, గుంత తీసి పూడ్చేవాడు.

తిత్తి నీళ్లు పట్టించిన తెల్లటి మందును రక్తపు తేటలో కలిపితే, జబ్బున్నవాళ్లది పాలు విరిగినట్టు విరగాలి. కుప్పం నుంచి ఒక కాపరి భార్య గడ్డతో వచ్చిన రోజు అందరిదీ విరిగింది, పోల్చి చూడటానికి పెట్టిన నాదీ డాక్టరుదీ కూడా. ఈ పరీక్ష ఇక వద్దన్నాడాయన. పట్నం వెళ్లమంటే, ఇంటికే తీసుకుపోతానన్నాడు ఆమె భర్త.

అప్పుడే డబ్బాతో వచ్చిన భాయ్ అంతా విని డబ్బా కింద పెట్టాడు.

"ఉప్పేసింది నేనేమ్మా. తోళ్లకు ఏస్తాం కదా, దావలో సెడిపోవని పోయిన వారం నుంచి వీటికీ ఏస్తాండా."

ఆ ఉప్పే మందును విరగ్గొట్టిందని డాక్టరు తేల్చాడు. భాయ్ నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. కాపరి చేతిని భాయ్ పట్టుకున్నాడు. "నాలుగు దినాలు ఈడే ఉండప్పా. తప్పు నాది."

మర్నాడు మొదటి బస్సుకే ఐసు ముక్కల మధ్య కొత్త తిత్తులు తెచ్చాడు. నాలుగో రోజు ఆమె చుక్క ఒక్కటే విరిగింది. ఆపరేషన్‌లో తిత్తి పగలకుండా బయటికొచ్చింది. ఆమె తన కాళ్లతో నడిచి కుప్పం బస్సెక్కింది. ఆ పరీక్షలో సగం పుంగనూరు మాంసం కొట్టుదేనని నేను ఎక్కడైనా గర్వంగా చెబుతాను.

ఆ గాజుపలక ఇమ్మని అడిగి తీసుకున్నాడు భాయ్. మొన్న పరామర్శకు వెళితే ఆయన భార్య కళ్లజోడు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"యెవురికి సూపించినా ముందు ఉప్పు సంగతే సెప్పేటోడమ్మా," అంది.

పెట్టెలో ఆ పలక ఉంది. దాని మీద ఎండిన మరకలు రెండు. విరిగినది కుప్పం ఆమెది. పక్కన నున్నగా ఉన్నది నాది.