దిగువమెట్ట కొండలో బదులు పలికిన కౌజు

నా భార్య నరసమ్మ పోయేముందు నన్ను కోరింది ఒక్కటే. "ఈ కౌజును దాని కొండకు తీసకపోయి, దాని వాళ్ళల్లో వదిలిపెట్టు. నేను పోయినాక దీనికి నూకలెవరేస్తారు? నువ్వా? నీకు నీ పేపరు చాలు."

ఆ పిట్టను ఆరేళ్ళ కిందట ఆమె తమ్ముడు రంగన్న దిగువమెట్ట కొండ మీద పిల్లగా పట్టి అక్కకు తెచ్చి ఇచ్చాడు. సరేనన్నాను గానీ, ఏ వాళ్ళల్లో వదలను? కొండల్లో పిట్టలు అయిపోతున్నాయని కాఫీ హోటల్లోనూ, తాలూకా కచేరీ అరుగు మీదా అరుస్తున్నవాణ్ణి, పేపరుకు ఉత్తరాలు రాస్తున్నవాణ్ణి నేనే. వెదురు లారీలకెక్కుతోంది. చెట్లు బొగ్గు బట్టీలకు పోతున్నాయి. బీడీ ఆకు కోసం గడ్డి తగలబెడుతున్నారు. నేల మీద గుడ్లు పెట్టుకునే పిట్ట ఎక్కడ పెట్టుకోవాలి? రాజధాని మా కర్నూల్లో ఉన్నప్పుడే వినని సర్కారు వాళ్ళు ఇప్పుడు హైదరాబాదులో కూర్చుని వింటారా?

శివరాత్రి వెళ్ళిన వారంలో రంగన్న దిగువమెట్ట నుంచి ఒక రైల్వే కూలీతో కబురు చేశాడు. "కౌజులు మళ్ళీ వచ్చినాయి. దినామ్ పొద్దున్నే కూస్తాండాయి. బావను పిట్టతో రమ్మను."

నేను నమ్మలేదు. అయినా బయలుదేరాను.

మా మార్కాపురం ఊరికీ స్టేషనుకూ దూరం ఎక్కువ. పోదలచిన వారు జట్కా ముందే మాట్లాడుకోవడం మంచిది. మధ్యాహ్నం బండికి నాకు టికెట్టు తీసుకున్నాను. పిట్టకు ఎవరూ అడగలేదు. రైలు పెట్టెలో నా ఎదురుగా కంభం బట్టల దుకాణం శెట్టి ఒకాయన కూర్చుని, పంజరం వంక ఆశగా చూశాడు.

"కూరకా, పెద్దాయనా?"

"కాదు శెట్టీ, పుట్టింటికి."

"ఓహో! మరి చీరె పెట్టినారా?" అని తన మూట తట్టి నవ్వాడు.

బండి ఆగిన ప్రతి స్టేషనులోనూ కౌజు మెడ నిక్కించి కూసేది. కతీతీర్, కతీతీర్. కూసి, తల వాల్చి, బదులు కోసం వినేది. తర్లుపాడులో బదులు లేదు. కంభానికి ముందు శెట్టి విసుక్కున్నాడు. "చెవులు పోతాండాయి, నోరు మూయించు." పంజరం మీద తువ్వాలు కప్పాను. చీకటయితే అది పలకదు. గిద్దలూరులో ఇడ్లీ తిన్నాను, తువ్వాలు తీసి నాలుగు ముక్కలు దానికీ వేశాను. అక్కడా బదులు లేదు.

దిగువమెట్టలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రంగన్న ఎదురొచ్చి పంజరం అందుకున్నాడు. ఇంజను పొగ ఇంకా పోలేదు, మా పిట్ట కూసింది.

కొండ మీద నుంచి బదులొచ్చింది.

"ఇంటివా బావా!" రంగన్న గంతేశాడు. "మా బావ పేపర్లో రాయలేదని పిట్టలు రాకుండా పోతాయా?"

నరసమ్మ ఉంటే అనుకున్నాను.

తెల్లవారగానే టీ నీళ్ళు తాగి, జొన్నరొట్టెలు మూట కట్టుకుని కొండెక్కాము. చిన్నప్పుడు మా నాయన వెంట ఈ దారిలో నడిచాను. ఆనాడు పిట్టల రొదలో ఆయన మాట నాకు వినపడేది కాదు. ఇప్పుడు నా ఊపిరి నాకే వినపడుతోంది. వెదురు పొదలు మొదళ్ళకు నరికి ఉన్నాయి. కాలిన గడ్డి చెప్పుల కింద బూడిదవుతోంది. చెట్ల మీద గూళ్ళున్నాయి, వాటిలో ఎండుటాకులున్నాయి. ఊటబావిలో బురద పెచ్చులు లేచింది. దాని మీద ఒక్క పిట్ట కాలి గురుతు లేదు.

మా కౌజు కూసింది. లోయ అవతల నుంచి వెంటనే బదులు.

ఎంత నడిచినా అంతే. మాది ఆగిన క్షణాన అది మొదలయ్యేది. అదే చోట, అదే గొంతు. మరే జీవమూ పలకని కొండలో ఆ ఒక్క గొంతు మమ్మల్ని పిలుస్తుంటే నేను నడక ఆపాను.

"రంగా, గుంపు ఉంటే రెండో గొంతు ఉండాల గదా? ఇది ఒకటే."

"ఊరుకో బావా. నీకు అన్నీ అనుమానమే."

లోయ దాటి ఒక బండ వెనక చేరాము. గొంతు ఇప్పుడు పది బారల దూరంలో ఉంది. రంగన్న ఎండు కొమ్మలు పక్కకు తీశాడు.

నేల మీద ఒక పంజరం. అందులో కౌజు. చుట్టూ ఉచ్చులు. పొద కింద ఆకులు కప్పుకున్న గొంగడి కదిలింది. అందులోంచి ఒక మనిషి, నోటి మీద వేలు పెట్టుకుని, మమ్మల్ని కదలవద్దని సైగ చేశాడు.

"చప్పుడు చేయొద్దు సామీ. మంచి పుంజు దగ్గరికొస్తాండాది."

అప్పుడు మా చేతిలో పంజరం చూశాడు. అందులో మా కౌజు కూసింది. అతని మొహం వాడిపోయింది.

అతను నంద్యాల వైపు పిట్టలవాడు. కౌజు చేత కూయించి కౌజులను పట్టుకునే దీమపు పిట్ట అతనిది. రంగన్న రోజూ పొద్దున విన్నది దాన్నే. నిన్న సాయంత్రం స్టేషను వైపు నుంచి పిట్టలవాడు విన్నది మా దాన్ని.

"వచ్చినకాణ్ణుంచి ఒక్క పిట్ట పలకలేదు సామీ. నిన్న పలికేసరికి నా పెండ్లానికి చెప్పుకున్నా, ఈ పొద్దు కూర తెస్తానని."

"ఇంకే కొండలో అయినా ఉన్నాయా?"

"ఆ కొండలన్నీ అయిపోయినాకనే గదా ఇంత దూరం వస్తిని."

రంగన్న బండ మీద కూలబడ్డాడు. "అక్కకు మాటిచ్చినావు. ఈడనే వదిలెయ్ బావా."

పంజరం తలుపు తీశాను. కౌజు గడప దాకా వచ్చి, బూడిద నేల చూసి, ఎదుటి పంజరం వైపు తిరిగి కూసింది. అది బదులిచ్చింది. రెండూ పుంజులే, జత కావు.

"ఇడిస్తే పొద్దుగూకేలోపల నక్క తింటాది," అన్నాడు పిట్టలవాడు.

దాని వాళ్ళల్లో వదలమంది గానీ, నరసమ్మ దాన్ని నక్కకు వేయమనలేదు. తలుపు మూశాను. తెచ్చిన రొట్టెలు ముగ్గురం తిన్నాము.

తిరుగు బండి ఆలస్యంగా వచ్చింది. కంభం చెరువు పక్కన వెతుకుతానని పిట్టలవాడూ తన పంజరంతో ఎక్కాడు, ముందు పెట్టెలోకి. నా పంజరం మీద తువ్వాలు కప్పి బల్ల కిందికి తోశాను. వెళ్ళిన పని కాలేదు. నా మాటే నిజమైంది, ఇంత చేదుగా నేను ఎన్నడూ గెలవలేదు.

బండి కుదుపులకు తువ్వాలు జారింది కాబోలు, అడవి మధ్యలో కౌజు కూసింది. ముందు పెట్టెలోంచి, కిటికీల గుండా, అవతలిది బదులిచ్చింది. జనం ఒక్కసారిగా కిటికీలకు చేరారు.

"ఇంటివా నాయనా, అడివి కౌజులు!" ఒక తల్లి బిడ్డను ఎత్తి చూపిస్తోంది.

వెదురు కాంట్రాక్టు గుమాస్తా అట, ఒకాయన నవ్వాడు. "పిట్టల్లేవు పిట్టల్లేవు అని అర్జీలు పెడతారు. ఇదిగో, అడివంతా పిట్టలే!"

"అడివిలో కాదయ్యా, నా కాళ్ళ కింద ఉంది!" అని అరిచాను. చక్రాల మోతలో ఎవరూ తిరిగి చూడలేదు.

వంగి, పంజరం మీద తువ్వాలు కప్పాను. ముందు పెట్టెలోది రెండుసార్లు పిలిచి, ఊరుకుంది. గుమాస్తా నవ్వు ఆగింది. ఆ బిడ్డ కిటికీ కడ్డీలు పట్టుకుని, కాలిన కొండ వంక చెవి పెట్టి, మళ్ళీ కూస్తాయని చూస్తూనే ఉంది.