డ్రై యాడుంటే ఆడ

ఆదోని రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఒక కట్టెల డిపో ఉంది. పోయిన వారం ఆటోలో దాని ముందు నుంచి పోతుంటే అప్పుడే కోసిన వేపమాను వాసన తగిలింది. చేదు వాసన అంటే సగమే చెప్పినట్టు. అందులో పచ్చిదనం కూడా ఉంటుంది, బాలింత గదిలో ఉండేలాంటి పచ్చిదనం. ఆటో ఆపించి దిగాను. పక్కకు దొర్లించి పెట్టిన ఒక దుంగ మీద తెల్ల పెయింటుతో వేసిన అంకె ఇంకా చెరిగిపోలేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేయాల్సిన చెట్లకు అట్లా అంకెలు వేస్తారు. మా వైపు వాటిని వేయించేది నేనే, రోడ్ల ఇంజనీరును. ఆ దుంగ ఏ ఊరిదో నాకు తెలియదు. కానీ దాని ముందు నిలబడితే, చదివి రాకుండా ఈరన్న సార్ ముందు నిలబడినట్టే అనిపించింది.

ఈరన్న సార్ ఎమ్మిగనూరు బడిలో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. నేతపని ఇంట్లో పుట్టిన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. దారం తెగిందేమో చూస్తున్నట్టు ప్రతిదాన్నీ దగ్గరికి తీసుకొని చూసేవారు, మా నోటుపుస్తకాలను కూడా. నేను ఆస్పరి దగ్గరి పల్లె నుంచి వచ్చి, మేనత్త ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నా పేరు ఉలిగమ్మ. తరగతిలో వెనక బెంచీ నాది, మధ్యాహ్నమైతే నిద్ర కూడా నాదే.

ఒకరోజు అన్నం తిన్నాక వచ్చిన పీరియడులో సార్ పాఠం పక్కన పెట్టి గ్రీసు దేశం కథ మొదలుపెట్టారు. పూర్వం ఆ దేశంవాళ్లు ప్రతి చెట్టులోనూ ఒక పిల్ల ఉంటుందని నమ్మేవాళ్లట. ఆకుల రంగు జుట్టు, బెరడు రంగు కాళ్లు. ఆ పిల్లను డ్రయాడ్ అంటారట. నేను సగం నిద్రలో వింటున్నాను. సార్ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

"ఉలిగమ్మా, నేనేమన్నాను?"

ఉలిక్కిపడి లేచాను. "డ్రై యాడ అని అడిగినారు సార్. ఆస్పరి సార్. మా ఊరి తట్టు అంతా డ్రైనే."

తరగతి తరగతంతా పగలబడి నవ్వింది. నా తప్పేమీ లేదు. మావి నీటి వసతి లేని డ్రై భూములు, ఆ మాట మా నాయన నోట రోజూ వినేదాన్ని. ఇక యాడ అంటే ఎక్కడ అని మా వైపు పుట్టిన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సార్ మాత్రం నవ్వలేదు. నల్లబల్ల మీద 'డ్రై యాడ' అని రాశారు.

"పాప తప్పేం సెప్పలేదు. డ్రై యాడుంటే ఆడ ఈ పిల్ల ఉండాల. లేకుంటే ఆడ మనిషి బతకలేడు," అన్నారు. తర్వాత మెల్లగా ఇంకో మాట చెప్పారు. "వేరే దేవతలకు సావు లేదు. ఈమెకుంది. సెట్టుతో పుడతాది, సెట్టుతోనే పోతాది."

"మరి నరికే ముందు ఆ పాపకు సెప్పాల గదా సార్?"

"ఎవురు సెప్తారు?"

ఆ రోజు నుంచి బడిలో నా పేరు డ్రైయాడ అయింది. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఎవరైనా ఉలిగమ్మా అని పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా పలికేదాన్ని.

సార్ వాళ్ల వీధి ఊరి చివర ఉండేది. రెండు వైపులా పెద్ద పెద్ద వేపచెట్లు. వాటి నీడలో వీధి పొడుగునా పడుగు దారాలు చాపి, కుంచెలతో గంజి పట్టించేవాళ్లు. ఎండ నేరుగా తగిలితే గంజి గబుక్కున ఆరిపోయి దారం పుటుక్కున తెగుతుంది, అందుకని నీడ కావాలి. ఒక శనివారం పొద్దున సార్ మమ్మల్ని అక్కడికి తీసుకుపోయారు. వాళ్లమ్మ నాగమ్మవ్వ కుంచెను గంజిలో ముంచి, పడుగు దగ్గరికి పోకుండా ముందు చెట్టు మొదలుకు రాసింది.

"అదెందుకవ్వా?" అని అడిగాను.

"నీడ ఆమెదే గదా. మొదటి గంజి ఆమెకు."

"ఎవురామె?"

"నాకేం తెలుసే. మా యత్త పెడతాంటే సూసినా. నేనూ పెడతాండాను."

సార్ నా పక్కకొచ్చి, "గ్రీసోళ్లు పుస్తకంలో రాసుకున్యారు. మా యమ్మ గంజితో రాస్తాంది," అన్నారు.

ఆ పొద్దు ఎంతసేపు అక్కడున్నానో గుర్తులేదు. తెల్లటి దారాల మీద ఆకుల నీడలు కదులుతున్నాయి. కళ్లు సగం మూసి చూస్తే ఆ దారాల మీద ఎవరో నడిచిపోతున్నట్టుంది. ఒక్క దారమూ వంగడం లేదు. చెట్టు మొదట్లో గంజి ఆరి తెల్లటి పొరలాగా నిలిచింది. ఇప్పటికీ నిద్ర పట్టే ముందు ఆ వీధి వస్తుంది. అందులో నేను ఎప్పుడూ తొమ్మిదో తరగతి పిల్లనే.

ఆ ఏడు తొలకరి ముందు వచ్చిన గాలికి బడి ఆవరణలోని వేపచెట్టు ఒరిగింది. సగం వేళ్లు బయటపడ్డాయి. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారే, ఇది మానై వంగింది. కొట్టిద్దాం," అన్నారు హెడ్మాస్టరు. ఈరన్న సార్ రెండు రోజులు గడువు అడిగి, ఇంట్లో మూలపడ్డ పాత మగ్గం గుంజలు ఎద్దులబండి మీద తెచ్చారు. ఎక్కడ ఊతం పెడితే బరువు ఎటు పోతుందో నేలమీద పుల్లతో గీసి చూపించారు. గుంజలు పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగు గుంజల మీద అంత మాను నిలిచేసరికి నాకు ఒళ్లు జలదరించింది. ఇంజనీరింగు నాకు అక్కడే మొదలైంది, కాలేజీలో కాదు.

"పేరులో ఉలి పెట్టుకోని సెట్టుకు ఊతం పెడతాందే ఈ పాప," అని సార్ ఎగతాళి చేశారు. తర్వాత ఆ చెట్టు కిందే మమ్మల్ని కూర్చోబెట్టి గ్రీసువాళ్ల కథ ఇంకొకటి చెప్పారు. ఒక కుర్రవాడు ఇట్లాగే పడిపోతున్న చెట్టుకు ఊతం పెట్టించాడు. అందులోని పిల్ల బయటికొచ్చి, నిన్ను ప్రేమిస్తాను, కబురు తేనెటీగతో పంపుతాను అంది. తేనెటీగ వచ్చిన వేళకు వాడు మన పచ్చీసులాంటి ఆటలో మునిగి ఉన్నాడు. చెవి దగ్గర రొద చేస్తోందని విసుక్కొని చేత్తో కొట్టాడు. ఆ పిల్ల మళ్లీ వాడికి కనబడలేదు.

"సెట్టు నిలబెట్టినోడే గదా సార్. అంత మాత్రానికేనా?" అన్నాను కోపంగా.

"నిలబెట్టేది ఒక్కరోజు పని పాపా. తేనెటీగ ఎప్పుడొస్తాదో తెల్దు. అదే కష్టం."

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం సార్ ఫోన్ చేశారు. అప్పటికే రిటైరయ్యారు. "పాపా, మా వీధి సెట్లకు అంకెలేసినారు. రోడ్డు గీత రెండు గజాలు అవతలికి జరిగితే సెట్లు మిగుల్తాయి. అవతల బీడే." నేను మీటింగులో ఉన్నాను. మళ్లీ నేనే చేస్తానన్నాను. మరునాడు మళ్లీ చేశారు, మళ్లీ అదే చెప్పాను. మూడోసారి చెట్ల మాట ఎత్తలేదు. "బాగుండావా?" అని మాత్రం అడిగారు. బాగున్నాను సార్ అని పెట్టేశాను. ఆ రేఖలు గీసింది నేనే, సంతకమూ నాదే. తీరిక చేసుకొని చూద్దామనుకున్నాను. అబద్ధమెందుకు, మరిచిపోయాను.

చివరికి నేను సార్ వాళ్ల వీధికి పోయేసరికి ఒక్క చెట్టూ లేదు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించారట. వీధిలో నాలుగు కట్టెలు పాతి టార్పాలిన్ కట్టుకొని పడుగు చాపారు. దాని కింది వేడికి గంజి ఆరిపోయి దారాలు తెగుతుంటే ఆడవాళ్లు ఒక్కొక్కటే ముడివేస్తున్నారు. నాగమ్మవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఈరన్న సార్ ఒక మొద్దు పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నారు.

"తేనెటీగ మూడుసార్లు వచ్చిపోయింది పాపా," అన్నారు.

కోపంగా అని ఉంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఆ వీధిలో నాకు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు. మొద్దు మీద చెయ్యి పెట్టి, సిగ్గు విడిచి ఏడ్చాను. సార్ ఏడవనిచ్చారు. తర్వాత అడిగారు.

"ఇంగా కొట్టని సెట్లు ఏ రోడ్డులోనన్నా ఉండాయా?"

"ఆస్పరి రోడ్డులో ఉన్నాయి సార్."

"అయితే ఈడ ఏడ్సొద్దు. ఆడికి పో."

ఆ చలికాలమే సార్ పోయారు. నేను ఆస్పరి రోడ్డు రేఖలు మళ్లీ గీశాను. పై అధికారుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఒక వంపు దగ్గర రోడ్డును బీడువైపు జరిపించాను. అక్కడ ఒక పెద్ద వేపచెట్టుంది. కూలికి పోయేవాళ్లు దాని కింద సద్ది తిని బస్సు కోసం కూర్చుంటారు.

ఈ వేసవి మొదట్లో, వేప పూత మీదున్నప్పుడు ఆ దారి చూడటానికి పోయాను. పెయింటరు మారెప్ప పాత జాబితా పట్టుకొని ఆ చెట్టుకు కూడా అంకె వేసేసి, కుంచె కడుక్కుంటున్నాడు. చెట్టంతా తేనెటీగల రొద. ఒకటి నా చేతిలోని ఫైలు మీద వాలింది. తోలబోయి మారెప్ప గుడ్డ ఎత్తాడు.

"వద్దు. ఉండనీ," అన్నాను. అది తనంత తానే లేచిపోయేదాకా కదల్లేదు. తర్వాత అడిగాను. "మారెప్పా, పెయింటు డ్రై అయిందా?"

"డ్రై యాడ మేడం? ఇంగా పచ్చిగానే ఉండాది."

ఆ అంకెను కొంగుతో తుడిచేశాను. అది ఎమ్మిగనూరు నేతచీర. ఎన్ని ఉతుకులకూ ఆ తెల్లటి మరక పోలేదు, ఆ చీర కట్టుకోవడం నేను మాననూ లేదు.